దత్తు కూడా అడగమన్న సుగుణమ్మ

అది 1984. ఆదిలాబాద్‌లో జిల్లా కోర్టుకు ఎదురుగా మా వకీలు సారు ఆఫీసు ఉండేది. నేను ఆయన గుమాస్తాను. పిటిషన్లు టైపు చేయడం, దాఖలు చేయడం, క్లయింట్లకు వాయిదాలు గుర్తుచేయడం నా పని. అప్పటికి పదకొండేళ్లుగా అదే పనిలో ఉన్నాను. ఏ కేసుకు ఏ చట్టమో సారు నోరు విప్పకముందే చెప్పగలనన్న పొగరు కూడా వచ్చింది.

ఒక మధ్యాహ్నం లక్సెట్టిపేట వైపు నుంచి ముగ్గురు వచ్చారు. సుగుణమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఆమె భర్త దేవదానం రెండెకరాల రైతు. ఇద్దరి మధ్య తొమ్మిదేళ్ల కరుణ కూర్చుంది.

"పిల్ల పుట్టిన్నాడే మా దవాఖానల తల్లి సచ్చిపోయింది సారూ," అంది సుగుణమ్మ. "తండ్రి కూలికి వచ్చినోడు. పిల్లను నా ఒళ్ల పెట్టి, 'జర సూడు అక్కా, ఊరికి పోయొస్త' అని పోయిండు. మళ్ల రాలే. రెండేండ్లకు ఆయన సుత సచ్చిపోయిండని తెలిసింది. గిప్పుడు ఆయన అన్న వచ్చి పిల్లనియ్యమంటుండు."

ఆ అన్న పేరు కిషన్. బోథ్ దగ్గర పత్తి చేలు కౌలుకు చేస్తాడు. పిల్ల పత్తి ఏరే ఈడుకు రాగానే చుట్టరికం గుర్తొచ్చింది. 'మా రక్తం. మీ దగ్గర కాగితమేమున్నది?' అంటూ ఆసుపత్రి గేటు దగ్గర పిల్ల చెయ్యి పట్టి లాగాడట.

"దత్తు కాగితం రాసియ్యుండ్రి," అంది సుగుణమ్మ.

సారు కంటే ముందు నేనే అందుకున్నాను. "మీరు క్రైస్తవులు కదమ్మా. మీకు దత్తత చట్టం లేదు."

నిజమే. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు మాత్రమే. మిగతావాళ్లు అంతకంటే పాతదైన ఇంకో చట్టం కింద గార్డియన్‌గా ఉండటానికి అర్జీ పెట్టుకోవాలి. గార్డియన్ అంటే సంరక్షకుడు. కోర్టు నియమిస్తే, అప్పటి లెక్కన పిల్లకు ఇరవై ఒక్కేళ్లు నిండేదాకా బాధ్యత మోస్తాడు గానీ చట్టం దృష్టిలో తల్లో తండ్రో కాడు.

కోర్టుల చుట్టూ ఒక అడ్డదారి మాట తిరుగుతుండేది. సారు అదీ చెప్పారు. "మేం హిందువులమయినం అని ఒక కాగితం పుట్టిస్తే పని సులువయితదమ్మా. నేను చెయ్యమంటలేను. అట్ల చేసినోళ్లున్నరు."

దేవదానం తల దించుకున్నాడు. సుగుణమ్మ దించుకోలేదు.

"ఆదివారం చర్చిల పాట పాడి, సోమవారం కోర్టుల కాదని సంతకం పెట్టాల్నా? రేపు గీ పిల్లకు అబద్ధమాడకు బిడ్డా అని ఏ మొకంతోని చెప్పాలె?"

"అయితే గార్డియన్ పిటిషన్ వేద్దాం," అన్నారు సారు.

"ఎయ్యుండ్రి. దత్తు కూడ అడుగుండ్రి."

"లేని చట్టం కింద ఎట్ల అడుగుతమమ్మా? జడ్జిగారు కొట్టేస్తరు."

"కొట్టెయ్యనియ్యుండ్రి. కొట్టేసినట్టు కాగితం మీద ఉండాలె. పెద్దగయినంక నా బిడ్డ 'అవ్వా, నన్ను దత్తు ఎందుకు తీసుకోలే' అంటే, నేను అడగలేదనుకోవద్దు."

పిటిషన్ చివర మనకేం కావాలో రాసే భాగాన్ని ప్రేయర్ అంటారు. మొదటిది, గార్డియన్లుగా నియమించమని. రెండోది, తల్లిదండ్రులుగా ప్రకటించమని. ఆ రెండో వాక్యం టైపు చేస్తూ లోలోపల నవ్వుకున్నాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఏడాదికి పైగా వాయిదాలు పడ్డాయి. ఉట్నూరు మీదుగా బస్సులు మారి ముగ్గురూ వచ్చేవారు. ఒక వాయిదాకు వరండాలో కిషన్ మాకు వినబడేలా అన్నాడు, "రక్తం ముంగట ఆయా ఎంత?"

సుగుణమ్మ నేరుగా అతని దగ్గరికి వెళ్లింది. "పిల్లకు ఏ ఏట తట్టు పోసిందో చెప్పు. ఏ చెవు కారుతదో చెప్పు. చెప్తే గిప్పుడే నీ ఎంట తోలిస్త."

కిషన్ తన వకీలు వైపు చూశాడు. ఆయన ఫైలులోకి చూసుకున్నాడు.

ఊహ తెలిసిన పిల్ల అయితే ఆమె ఇష్టం కూడా కోర్టు కనుక్కోవచ్చు. జడ్జిగారు కరుణను చాంబర్‌లోకి పిలిపించి, పెదనాన్నతో పోతావా అని అడిగారు. ఆ పిల్ల చెప్పింది ఆర్డర్‌లో ఉన్నదున్నట్టు ఎక్కింది: "పోను. గాయన మా అవ్వను అవ్వ కాదంటుండు. గసొంటోని ఎంట నేనెందుకు పోత?"

ఆర్డర్ వచ్చింది. సుగుణమ్మ, దేవదానం గార్డియన్లు. కిషన్ అభ్యంతరం చెల్లలేదు. రెండో ప్రేయర్ మాత్రం కొట్టేశారు. దాని కింద జడ్జిగారు ఒక మాట చేర్చారు: లోపం పిటిషనర్లది కాదు, చట్టానిది.

సుగుణమ్మ ఆ వాక్యాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది. "మంచిది. అడిగినట్టు ఉన్నది," అని చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజే దేవదానం తన రెండెకరాలు పిల్లకు చెందేలా సారుతో వీలునామా రాయించాడు.

మళ్లీ వాళ్లు 1996లో వచ్చారు. కరుణకు ఇరవై ఒకటి దాటాయి, నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెడుతోంది. నేను నా ధోరణిలో చెప్పాను, "ఆ ఆర్డర్ గడువు తీరిపోయిందమ్మా. చట్టం లెక్కన ఇప్పుడు మీరు ఒకరికొకరు ఏమీ కారు."

కరుణ దరఖాస్తు నా ముందు పెట్టింది. 'సంరక్షకులు' అన్న చోట అడ్డగీత కొట్టి, పైన 'తల్లి' అని రాసి, సుగుణమ్మ పేరు పెట్టింది.

"ఇట్ల రాస్తే వాపస్ పంపుతరేమో," అన్నాను.

"పంపితే మళ్ల గిట్లనే రాస్త. నాకు గా ఆర్డర్ నకలు కావాలె సార్. మా అవ్వ అడిగింది, చట్టమే ఇయ్యలేదు అని సూపెడ్త."

నకలు నేనే తీయించి ఇచ్చాను. దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది. రెండోసారి రాలేదు.

'చట్టం లేదు' అని చెప్పి క్లయింటును వెనక్కి పంపడమే తెలివనుకునేవాణ్ణి. కోర్టు ఏమివ్వగలదన్నది చట్టం చెబుతుంది. మనిషి ఏమడగాలన్నది మాత్రం చట్టం చెప్పలేదు. ఆ తర్వాత పిల్లను పెంచుకుంటామని మా దగ్గరికి వచ్చిన ప్రతి క్రైస్తవ దంపతుల పిటిషన్‌లోనూ, ఎవరూ చెప్పకపోయినా రెండో ప్రేయర్ టైపు చేశాను. ప్రతిసారీ కొట్టేశారు. నేను ఆపలేదు.