లస్మవ్వ తెచ్చిన నడికట్టు

ఆపరేషన్ మాట వినబడితే చాలు, లస్మవ్వ చెయ్యి తన పొట్ట మీదికే పోతుంది. గర్భసంచి తీసినప్పుడు బొడ్డు కింద నిలువునా పడిన కోత అది. చీర ముక్కను నడికట్టుగా బిగించుకుంటే తప్ప అప్పట్లో మంచం దిగలేకపోయింది. ఆ తర్వాత నాట్లు మానేసి బీడీలు చుట్టే చాట ముందు కూర్చుంది. ఇప్పటికీ పొట్టకు చెయ్యి ఆనించుకోకుండా వంగదు.

అందుకే మనుమరాలు అమూల్యకు అపెండిక్స్ వాచింది, తీసెయ్యాలి అని కరీంనగర్‌లో డాక్టరమ్మ చెప్పగానే ఆమె చెయ్యి మళ్లీ పొట్ట మీదికి పోయింది. ఖోఖోలో ఎవరికీ చిక్కని పిల్ల. ఇక అదీ తనలాగే కూర్చుండిపోతుందా? దుబాయి నుంచి కొడుకు ఫోన్‌లో సరేనన్నాడు, కోడలు నవత సంతకం పెట్టింది. లస్మవ్వ సంచీలోంచి మెత్తటి పాత చీర తీసి, నడికట్టుకు సరిపడా చింపి, మడతపెట్టి ఒళ్లో ఉంచుకుంది.

పిల్లను వార్డుకు తెచ్చాక కట్టు కడదామని గౌను ఎత్తి బిత్తరపోయింది. బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు, వేలిగోరంత ప్లాస్టర్లు. అంతే.

"ఓ నవతా, ఆపరేషన్ చెయ్యనే లేదే! కోత ఏది?"

"మెల్లగ అత్తమ్మా, అందరు ఇంటరు."

"ఇననియ్యి! గింత బొక్కలకెళ్లి ఏం తీస్తరు?"

విననే విన్నది డాక్టరమ్మ. నవ్వుకుంటూ వచ్చి ఫోన్‌లో వీడియో పెట్టింది. "బొడ్డులకెళ్లి చిన్న కెమెరా పంపినమవ్వా. సూడు."

గులాబీ రంగు పేగులు తడితడిగా మెరుస్తూ, నిద్రలో పసిపిల్ల కదిలినట్టు కదులుతున్నాయి. సన్నటి పట్టుకారు ఒకటి వాటిని నొప్పించకుండా పక్కకు జరిపి, వానపాములా ఉబ్బిన ముక్కను పట్టుకుంది. దారం బిగిసింది. ముక్క తెగింది. లస్మవ్వ తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

"కడుపుల గింత ఎలుగుంటదా బిడ్డా?"

"లేదవ్వా. కెమెరాకు లైటున్నది, ఎలుగు గూడ మేమే తీస్కపోయినం."

"మరి పేగులు? మనం పండుకున్నా గట్లనే కదులుతయా?"

"కదులుతయి."

ముగ్గురు బిడ్డలను మోసినా, కడుపు లోపల ఎలా ఉంటుందో ఆమె చూడటం ఇదే మొదలు. "మళ్లొక్కపారి పెట్టు తల్లీ" అంది.

కట్టు అవసరం లేదని చెప్పినా, వారం తర్వాత చూపించడానికి వచ్చినప్పుడు కూడా ఆ గుడ్డ ఆమె సంచీలోనే ఉంది. బెంచీ కిందికి జారిన చెప్పు కోసం అమూల్య గబుక్కున వంగింది. లస్మవ్వ "అయ్యో" అంటూ సంచీలో చెయ్యి పెట్టేలోపే చెప్పు తొడుక్కుని నిలబడింది. పిల్ల చెయ్యి పొట్ట మీదికి పోనే లేదు.

"ఇంకోపారి వంగు బిడ్డా."

"ఎందుకు బాపమ్మా?"

"ఊకెనే. సూద్దామని."