కూత వినబడని రోజు

గ్రేసీ వెన్నుపూసలో లోపంతో పుట్టింది. మూత్రాశయానికి నరాల కబురు అందేది కాదు. కిడ్నీలు పాడవుతున్నాయని తొమ్మిదో ఏట విశాఖలో ఆపరేషన్ చేసి, పేగు ముక్క అతికించి మూత్రాశయాన్ని పెద్దది చేశారు. కిడ్నీలు దక్కాయి.

"సంచి పెద్దదైంది గానీ, నిండానని తనంతట తాను చెప్పదు. నాలుగేసి గంటలకోసారి గొట్టంతో ఖాళీ చెయ్యకపోతే చిరిగిపోతుంది. ఇది బతికినన్నాళ్లూ ఉండే పని," అన్నాడు డాక్టరు.

తల్లి కృపారాణికి గడియారం చూడటం రాదు. ఆవిడ గడియారమల్లా కిరండూల్ రైలు లైనే. ఇల్లు పట్టాల పక్కనే. ఖనిజం గూడ్సు కిందికి దిగిపోయి, ఖాళీ బండి పైకొచ్చి కూత పెట్టినప్పుడల్లా వంటింట్లోంచి కేకేసేది: "గ్రేసీ, లెగు, గొట్టం!" గూడ్సుబండికి టైమేమిటని నవ్వేవాళ్లు నవ్వారు. ఏళ్ల తరబడి ఆ పిల్ల సంచిలో మూత్రం నిలవుండలేదు, ఒక్క రాయీ పడలేదు.

కృపారాణి పోయి ఏడాది దాటింది. కూత ఆగలేదు, దాని వెనకే వచ్చే కేకా ఆగలేదు. గ్రేసీ మిషను మీద జాకెట్లు కుడుతూ ఆ కేక స్పష్టంగా వినేది, లేచి వెళ్లేది. పిచ్చంటారని ఎవరికీ చెప్పలేదు. ఫోన్లో అలారం పెట్టుకోమని ఆసుపత్రిలో నర్సు చెబితే ఒళ్లు మండేది. అలారం మోగితే అమ్మ ఇక పిలవదేమోనని ఆమె భయం.

ఈ వానాకాలం ఘాట్‌లో కొండచరియ విరిగి పట్టాల మీద పడింది. బళ్లు ఆగిపోయాయి. ఆ రోజు గ్రేసీ పొద్దున కుట్టుకి కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. కూతా లేదు, కేకా లేదు. దీపాలు పెట్టే వేళకి కడుపు రాయిలా బిగిసి, నొప్పి భుజం దాకా పాకి, మిషను మీదే వాలిపోయింది. జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. సంచి చిరిగి మూత్రం కడుపంతా పాకిందన్నారు. మళ్లీ పొట్ట కోసి, ఎలాగో బతికించారు.

ఇంటికొచ్చాక తండ్రికి, రిటైరైన గ్యాంగ్‌మన్ సురేష్‌బాబుకి, తల దించుకుని చెప్పింది.

"అమ్మ పిలుస్తాదని కూకున్నాను నాన్నా. బండొస్తే పిలుస్తాది. ఇప్పటికీ."

ఆయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకూ వినబడతాదమ్మా. ఆ దినం అరుగు మీదే ఉన్నాను. కేక రానేదు గదా, ఇంకా టైమవనేదనుకున్నాను."

గ్రేసీ ఏడుస్తూనే ఫోను తీసి అలారం పెట్టింది. మొదటిసారి అది మోగినప్పుడు తండ్రీ కూతుళ్లిద్దరూ ఒక్కసారే వంటింటి వైపు చూశారు.