తలుపు వెనక నుంచి ఏడు గోల్స్ చెప్పిన మా వదిన

నిన్న పొద్దున్నే ఫోన్. మా మేనల్లుడు.

"అత్తా... అమ్మ పోయింది."

ఏ అమ్మరా అనడిగా, పిచ్చిదాన్లా. వాడికి ఉన్నది ఒక్క అమ్మేగా. మా సుశీల వదిన.

మొన్న ఆదివారమే మాట్లాడా. నా మోకాళ్ళ నొప్పులకి ఏదో ఆయిల్ చెప్పింది. రాసుకోకపోతే ఊరుకోనని వార్నింగ్ కూడా ఇచ్చింది. ఇంకా నమ్మకం కుదరట్లేదు.

ఫ్యామిలీ గ్రూపులో అందరూ "మంచి కోడలు, నోరెత్తి ఎరగదు" అని పెడుతున్నారు. చదివితే ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నా.

ఆవిడ నోరెత్తింది. నేను విన్నా.

మాది జగ్గయ్యపేట. వదినది నందిగామ. హిందీ పరీక్షలన్నీ పాసై, మా అన్నయ్యని చేసుకుని మా ఇంటికొచ్చింది. మా నాన్నకి కోడళ్ళు ఎదురుపడి మాట్లాడకూడదు. ఏం చెప్పినా తలుపు వెనక నుంచే.

పెళ్ళయ్యాక ఆవిడ చూసిన జగ్గయ్యపేట అంటే వంటిల్లు, పెరడు, బావి. పుట్టింటికెళ్ళినా పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే. "ఒక్కసారి ఒక్కదాన్నే బస్సెక్కాలని ఉంది రమా" అనేది నాతో. అంత చిన్న కోరిక.

మా నాన్నకి హాకీ పిచ్చి. స్కూల్లో ఆడాడంట. ఆ స్టిక్కుతోనే తర్వాత గేదెల్ని అదిలించేవాడు, అది వేరే సంగతి.

ఎనభై రెండులో ఢిల్లీలో ఏషియన్ గేమ్స్ జరిగాయి. మా వీధిలో టీవీ లేదు. అరుగు మీద రేడియో, హిందీ కామెంటరీ. గోల్ అన్న మాట తప్ప మా వాళ్ళకి ఒక్క ముక్క అందదు. "అమ్మాయ్, ఏమంటున్నాడు వాడు?" అని నాన్న కేకేసేవాడు. తలుపు వెనక నుంచి వదిన తెలుగులో చెప్పేది.

అరుగు నిండా వీధిలో మగాళ్ళు. ఆవిడ మొహం చూసినోళ్ళు తక్కువ, గొంతు మాత్రం అందరికీ తెలుసు. "రేడియో కోడలు" అని పేరు పెట్టారు.

సరిగ్గా అప్పుడే నందిగామలో ఒక స్కూల్ వాళ్ళు హిందీ టీచర్ గా రమ్మని కబురు పెట్టారు.

నాన్నని అడిగే ధైర్యం ఎవరికుంది? మా అన్నయ్య సంగతి ఎత్తకండి. చివరికి అమ్మే అడిగింది. నాన్న ఊ అనలేదు, ఉహూ అనలేదు.

ఫైనల్ రోజు. పాకిస్తాన్ తో.

మొదటి గోల్ మనోళ్ళే కొట్టారు. వదిన చెప్పగానే అరుగంతా ఈలలు. ఆ ఊపులో నాన్న అందరి ముందూ అనేసాడు. "హాకీలో మనకి గోల్డ్ వస్తే మా కోడలు నందిగామ ఉద్యోగానికి వెళ్ళుద్ది."

నేను వదిన పక్కనే ఉన్నా. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళు దిగాయి.

తర్వాత వాళ్ళు కొట్టారు. మళ్ళీ వాళ్ళే.

రేడియోలో గోల్ అని అరవడం అందరికీ వినబడుద్ది. ఎవరి గోలో వదినే చెప్పాలి.

నేను ఆవిడ చెవిలో అన్నా. "మనోళ్ళే కొడుతున్నారని చెప్పెయ్ వదినా. రేపు పేపరొచ్చేదాకా ఎవడికి తెలుసుద్ది? ఈలోపు నాన్న నిన్ను పంపిస్తానని ఊరంతా చెప్పేసుకుంటాడు. ఇంక వెనక్కి రాలేడు."

వదిన నా వైపు చూసింది. నోరు తెరిచింది. 

"ఏమ్మా, ఎవరిదీ గోలు?"

"వాళ్ళదేనండి."

మొత్తం ఏడు. మనది ఒకటి, వాళ్ళవి ఏడు. అన్నీ ఆవిడ నోటితోనే చెప్పింది.

రేడియో ఆపడానికి లేదు, లోపలికి పోవడానికి లేదు, బయటికి రావడానికి అసలే లేదు. తలుపుకీ గోడకీ మధ్య ఆ సందులో నిలబడి, తన ఉద్యోగం పోతున్న సంగతి తనే అందరికీ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు.

అరుగు ఖాళీ అయ్యింది. ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు.

గేమ్స్ అయిపోయాక పేపర్లో మెడల్స్ అన్నీ వేసారు. వదిన ఆ పేపర్ పట్టుకుని తలుపు దాటి వచ్చి, నాన్న ఎదురుగా నిలబడింది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"మావయ్య గారూ, హాకీలో మనకి గోల్డ్ వచ్చిందండి. ఆడపిల్లల టీమ్ కి."

నాన్న నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగానే. నాకు ఇప్పటికీ మండేది అదే.

"అది లెక్కలోకి రాదమ్మా. నేనన్నది మన టీమ్ సంగతి."

"వాళ్ళూ మన టీమేగా అండీ."

నాన్న పేపర్ మడిచి పక్కన పెట్టాడు. "స్నానానికి నీళ్ళు తోడావా?" అన్నాడు.

అన్నయ్య అక్కడే ఉన్నాడు. చెప్పులేసుకుని పొలం వెళ్ళిపోయాడు.

ఆ పోస్ట్ ఇంకెవరికో ఇచ్చారు.

నాన్న పోయాక అన్నయ్య అన్నాడు, "ఇప్పుడెళ్ళు సుశీలా, ఎవరొద్దన్నారు" అని. అప్పటికి ఆవిడ జుట్టు నెరిసింది. "ఎక్కడికి?" అంది. నిజంగానే అడిగింది, ఎత్తిపొడుపు కాదు.

ఒకసారి ఉండబట్టలేక నేనడిగా. ఆ రోజు ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయింది వదినా అని.

చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది.

"ఆ ఇంట్లో నా మాట నమ్మింది ఆ రేడియో దగ్గర ఒక్కచోటే రమా. అది కూడా పోగొట్టుకోమంటావా?"

నేనూ పక్కన కూర్చుని తుంచడం మొదలెట్టా. 

వదినా, ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరూ పక్కన రానక్కర్లేదు. నువ్వొక్కదానివే వెళ్ళు.

వెళ్ళిన చోటైనా నీ ప్రాణానికి నిమ్మళం దొరకాలి.

నీ ఆడపడుచు, రమ