మళ్ళీ రాని కొలత

బాపట్ల కాలేజీలో ఎం.ఫార్మసీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు కాల్షియం ఫాస్ఫేట్ నానో రేణువుల తయారీ. ఒంట్లోకి మందును మోసుకెళ్ళేంత చిన్న రేణువులు కావాలి. గిర్రున తిరిగే ఫాస్ఫేట్ ద్రావణంలోకి కాల్షియం ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలితే, బీకరంతా పల్చటి పాలలా తెల్లబడేది. మొదటిసారే మేం కోరుకున్నంత చిన్న రేణువులు వచ్చాయి. మా గైడు మేడమ్ సంబరపడి, ఆ రేణువుల కొలతతో సదస్సుకు వ్యాసం పంపేశారు.

రెండోసారి చేస్తే రేణువులు ముద్దకట్టి అడుగుకు దిగిపోయాయి. మూడోసారీ అంతే.

మొదటి కొలత నేనే కల్పించానని ఎవరైనా అంటే ఏం చెప్పుకోను? సెలవుకు ఇంటికెళ్తూ, తెనాలిలో రైలు మారి మా ఊరు రేపల్లె చేరేదాకా అదే ఆలోచన. ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే, నేను మనసులో ఆ మూడు ప్రయోగాలే పోల్చి చూసుకున్నాను.

సోమవారం నోటుపుస్తకం మొదటినుంచి చదివాను. నా బీకరు పగిలిపోవడంతో మొదటిరోజు సీనియరు బల్ల మీది బీకరు తీసుకున్నానని రాసి ఉంది. ల్యాబ్ అటెండరును అడిగాను.

"బాబాయ్, ఆ బీకరులో అంతకుముందు ఏం కలిపేవారండి?"

"రక్తం గడ్డకట్టకుండా వేస్తారే, ఆ సిట్రేటు ఉప్పమ్మా. ఆ రోజు కడిగానో లేదో మరి!"

మేడమ్ గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడోసారి లోపలికి వెళ్ళాను.

"మేడమ్, ఆ కొలత నిజమేనండి. కానీ బీకరు శుభ్రంగా లేదనుకుంటానండి. సిట్రేటు కలిసిపోయుంటుంది. అందుకే అప్పుడు రేణువులు ముద్దకట్టలేదేమోనండి."

ఆవిడ కళ్ళద్దాలు తీశారు. "వ్యాసం పంపేశాను కదమ్మా!"

"అవునండి."

ఆవిడ నా ముందే సదస్సు వాళ్ళకు ఫోన్ చేసి వ్యాసం వెనక్కి తీసుకున్నారు. నా చదువు ఇక్కడితో సరి అనుకుని ఏడ్చేశాను.

"ఏడవకు. ఈసారి ఆ సిట్రేటు నువ్వే తూచి వెయ్యి, చూద్దాం," అన్నారు మేడమ్.

తూచేటప్పుడు పొడి రెండుసార్లు ఒలికింది. ఈసారి తెలుపు అడుగుకు దిగలేదు. కొలత చిన్నదే వచ్చింది. నమ్మకం కుదరక మర్నాడు చేశాను, ఆ మర్నాడూ చేశాను. పొడి ఏ పదార్థమో తేల్చే ఎక్స్‌రే పరీక్షకు పంపితే, అది కాల్షియం ఫాస్ఫేటేనని తేలింది.

ఆ ఏడు సదస్సుకు మేం వెళ్ళలేదు. మరుసటి ఏడు రాసిన వ్యాసంలో సిట్రేటు సంగతి దాచకుండా రాశాం. అయినా అది అచ్చయి వచ్చిన రోజు, మళ్ళీ ఎక్కడ తప్పు దొరుకుతుందోనని, పేజీ తిప్పడానికి చాలాసేపు నాకు ధైర్యం చాలలేదు.