డాబా మీద మీటింగు

మొన్న కరీంనగర్‌లో మా వీధి చివర కొత్త అపార్టుమెంటు స్లాబు మీద నీళ్లు కొడుతుంటే, కాలిన సిమెంటు వాసన మా వంటింటి దాకా వచ్చింది. చాయ్ సగంలో వదిలి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచావని మా ఆవిడ అడిగేదాకా లేచినట్టు నాకే తెలియలేదు. ఆ వాసన తగిలితే నేను కూర్చోలేను. ఈ జబ్బు నాకు అంటించింది సుగుణ మేడం.

మేడం మా ఆఫీసులో ఇంధన పొదుపు భవన నిబంధనల అమలు సమన్వయాధికారి. ఆ హోదా పూర్తిగా చదివేలోపు కొందరు రిటైరైపోయేవారు. పని మాత్రం తేలిగ్గా చెప్పొచ్చు: కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా లేచే ప్రతి పెద్ద భవనం ఎండకు పొయ్యి కాకుండా, కరెంటు తాగే భూతం కాకుండా చూడాలి. నేను ఆమె కింద ఇంజనీరుని. ఆమె కుర్చీకి షాపులో తొడిగిన ప్లాస్టిక్ కవరు మూడేళ్లయినా నలగలేదు. ఆమె కూర్చుంటే కదా! ఫైలు నిలబడి, ఫోను నడుస్తూ, అన్నం కిటికీ దగ్గర. ఆమెను చూసి చూసి మా గోడ గడియారానికి కూడా కంగారు పుట్టి పది నిమిషాలు ముందు నడిచేది.

ఆ నిబంధనలకు నమూనా ఐరోపా నుంచి వచ్చింది. హైదరాబాద్ శిక్షణలో అక్కడి నిపుణులిచ్చిన ఫారాన్ని నేను భక్తిశ్రద్ధలతో, కామా కూడా వదలకుండా తెలుగులోకి దించాను. భవనాన్ని ఏడాదికి ఎన్ని నెలలు వేడి చేస్తారన్న ప్రశ్న కూడా అందులో ఉంది.

మేడం దాన్ని చదివి, "పది నెలలని రాయి తమ్మీ. చేసేటోడు సూర్యుడు, సెలవు గూడ పెట్టడు" అన్నారు. తర్వాత ఆ ఫారాన్నే మడిచి విసురుకున్నారు. వాళ్లు చలికి రాసుకున్నదాన్ని మన ఎండకు తిరగరాయడానికి మాకు నెల పట్టింది.

అసలు తిప్పలు శాఖలతో. పైకప్పు చల్లబరిచే పని ఎవరిదంటే మున్సిపాలిటీ వాళ్లు రోడ్లు భవనాల వాళ్లను చూపేవారు, వాళ్లు కరెంటు వాళ్లను, కరెంటు వాళ్లు ఆకాశాన్ని. ఏసీ గదిలో మీటింగు పెడితే సమోసాలు అయిపోయేవి, నిర్ణయం మాత్రం వచ్చే మీటింగుకు పోయేది. ఒక మే నెలలో మేడం మీటింగును డాబా మీదికి మార్చారు. మధ్యాహ్నం రెండింటికి, షామియానా లేకుండా, కుర్చీలు లేకుండా, కాలిన సిమెంటు వాసనలో. ఆరుగురు అధికారులు కొంగల్లా కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు. ఒకాయన కాలు లేచినా బూటు స్లాబును వదల్లేదని నేను ఇప్పటికీ చెబుతుంటాను. నమ్మడం మీ ఇష్టం. ఏడాదిగా తేలనిది పదకొండు నిమిషాల్లో తేలింది. పైకప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్ల టైల్స్ లేకపోతే ఏ సర్కారు భవనానికీ మా సర్టిఫికెట్ ఉండదు.

ఆ మరుసటి ఏడాది ఆసిఫాబాద్ వైపు ఆడపిల్లల హాస్టల్ ఒకటి జూన్‌లో తెరవాల్సి ఉంది. కాంట్రాక్టరు ఫోన్లో ఫోటో పంపాడు. డాబా పాల సముద్రంలా మెరిసిపోతోంది. నేను కూలర్ ముందు కూర్చుని, స్వయంగా తనిఖీ చేశానని రాసి సంతకం పెట్టాను. అంత దూరం ఆ ఎండలో ఎవరు పోతారు?

మేడం ఆ ఫోటో చూశారు. "ఫోటో సల్లగనే ఉంది. గది ఎట్లుందో సూసొద్దాం పా" అన్నారు.

మేం వెళ్లేసరికి ముందురోజు పడ్డ అకాల వానకు పాల సముద్రం గోడల మీదుగా కారిపోయింది. ఫోటో కోసం పూసిన సున్నం అది. టైల్ ఒక్కటీ లేదు. పై అంతస్తు గదిలో పిల్లల కోసం వేసిన ఇనుప మంచాలు చేతికి చురుక్కుమంటున్నాయి.

కాంట్రాక్టరు మెల్లగా నసిగాడు. "జర సర్దుకోన్రి మేడం. పిల్లలకు అలవాటైతది."

మేడం అతన్ని మంచం మీద కూర్చోమన్నారు. తాను గోడ పక్కన నిలబడి వాచీ చూసుకున్నారు. అతని చొక్కా తడిసి రంగు మారింది. నాది అంతకుముందే మారింది. కాసేపటికి అతను లేవబోయాడు.

"అప్పుడే లేస్తివి? ఇంకా అలవాటు కాలేదా?" అన్నారు మేడం.

మెట్లు దిగుతూ నాతో అన్నారు: "మా బాపు సిరిసిల్లల రేకుల షెడ్డు కింద బట్ట నేసే సాంచెలు నడిపిండు. ఎండకాలం పగటీలి అన్నం గొంతు దిగకపోయేది. అలవాటైతదని ఆయనకు గూడ ఎవడో చెప్పే ఉంటడు." జీపు దగ్గర ఫైలు నా చేతిలో పెట్టారు. "నీ సంతకం నువ్వే కొట్టెయ్యి."

ఉద్యోగం పోతుందనుకున్నాను. ఫైలు పెట్టిన జీపు బానెట్ కూడా పెనంలా కాలుతోంది. చూడకుండా సంతకం పెట్టానని, దాన్ని రద్దు చేస్తున్నానని రాశాను. మేడం ఫైలు లాక్కుని దాని కిందే రాశారు: ఇతన్ని పంపకుండా కాగితం తీసుకోవడం నా తప్పు. సంతకం, తేదీ.

హాస్టల్ ఆలస్యం చేసినందుకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. మేడం ఒక్కదానికీ నా పేరు చెప్పలేదు. టైల్స్ పడ్డాకే, జూలై చివర్లో పిల్లలు చేరారు. ఆగస్టులో మేడంకు బదిలీ అయింది. కారణం, పరిపాలనా సౌలభ్యమట.

ఇప్పుడు నా కింద ముగ్గురు ఇంజనీర్లు. మెరిసిపోయే ఫోటోలు పంపుతారు. సంతకానికి పెన్ను తీస్తాను. నా పేరు కింద మిగిలిన ఖాళీ జాగా కనిపిస్తుంది. అందులో ఇంకెవరూ ఏమీ రాయాల్సిన పని పడొద్దు. పెన్ను మూసి, ఆ ఫోటోలోని ఊరికి బస్సు ఎన్నింటికో కనుక్కుంటాను.