దడి మీంచి వచ్చిన రుజువు

బందరులో ఇంగ్లీషు చదువు ముగించి, అమలాపురంలో ఒక పాదిరీ దొరగారి దగ్గర దుబాసీగా చేరిన కొత్తలో జరిగింది ఇది. ముక్తేశ్వరం దగ్గరి పల్లెలో జనం పాపాలు ఒప్పుకుంటూ ఏడుస్తున్నారని కబురొచ్చింది. అది నిజమైన మార్పో, వట్టి పూనకమో చూసి రమ్మన్నారు దొరగారు. నేను ఔనంటేనే వాళ్లకు బాప్తిస్మం.

వెళ్లి చూస్తే ఏడుపులు బాగానే ఉన్నాయి. మా ఊరి జాతరలో ఇంకా బాగా ఏడుస్తారు. నమ్మకం కుదరక, మర్నాడు పొద్దున్నే వీరన్న, సుబ్బన్న అనే అన్నదమ్ముల ఇళ్ల మధ్య దడి పక్కన నక్కాను. సరిహద్దు కొబ్బరిచెట్టు కోసం తలలు పగలగొట్టుకుని, పదేళ్లుగా మాటల్లేనివాళ్లు; ముందురోజు ఏడ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఇంతలో దడి మీంచి ఒక కాయ వచ్చి నా పాదం మీద పడింది. నా కేకకు ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"కాయ నీదేరా తమ్ముడూ! ఇన్నాళ్లూ నేనే తినేశాను," అన్నాడు వీరన్న.

"నాకొద్దన్నయ్యా, చెట్టు నీది. అందుకేగా నువ్విటు వేసిందల్లా తిరిగి విసిరేస్తున్నాను!" అన్నాడు సుబ్బన్న. అప్పుడు నన్ను చూసి, "తమరిక్కడేం చేస్తున్నారండీ?" అన్నాడు.

"ప్రార్థన," అన్నాను.

"ఆయ్, చేసుకోండి," అన్నారిద్దరూ వినయంగా.

దొరగారు రుజువేదన్నారు. వాచిన పాదం చూపించాను. ఆ నెలలోనే బాప్తిస్మాలు జరిగాయి. దడి పక్కన నక్కిన రోజు ఆ పల్లెలో అబద్ధమాడింది నేనొక్కణ్ణేనన్న సంగతి మాత్రం దొరగారికి ఇంతవరకూ చెప్పలేదు.