కదపొద్దన్న సీసా

ల్యాబులో ఆమెకు సీమటపాకాయ అని పేరు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గానీ, ఆమె తలుపు తోసుకుని లోపలికొస్తే కబుర్లు టక్కున ఆగిపోయేవి. కడగని గాజు గొట్టం ఒక్కటి కనబడితే చాలు, ఇల్లు పీకి పందిరేసేది. దీనికి కోపం ముక్కు మీదే ఉంటుందని సొంత అక్క కూడా అంటుంది. ఉండదా మరి? పని తెలిసిన మనిషి, పని పాడవుతుంటే చూస్తూ నవ్వాలా?

రెండేళ్లుగా ఆమెకు ఒకటే ధ్యాస. వేడి తగిలినప్పుడు కణం తనను తాను ఎలా కాచుకుంటుంది, ఆ పని ఏ జన్యువు చేతిలో ఉంది? అది కనుక్కోవడానికి కోట్ల కణాలు పెంచి, ఒక్కో కణంలో ఒక్కో జన్యువును కత్తిరించి చెడగొట్టింది. వాటిని రెండు సీసాల్లోకి పంచింది. ఒకదానికి రోజూ కాసేపు వేడి పెడుతుంది. రెండోది ఇంక్యుబేటర్లో, మనిషి ఒంటివేడి దగ్గర, ఏ బాధా తెలియకుండా ఉండాలి. చివర్లో రెండూ పోల్చి, వేడి సీసాలో మాత్రమే ఏ జన్యువు తెగిన కణాలు చచ్చాయో చూస్తే గుట్టు తెలుస్తుంది. అందుకే ఆ రెండో సీసా మీద ఈగ వాలనిచ్చేది కాదు. పచ్చ ఇంకుతో దాని మీద పెద్దగా ‘కదపవద్దు’ అని రాసింది. ఈ ఫలితం వస్తేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే ఏడాది చివర సంచి సర్దుకోవాల్సిందే.

ఒకరోజు భోజనం చేసి వచ్చేసరికి ల్యాబు నిండా సూట్లు. డైరెక్టరు ఎవరో పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చాడు. ఇంక్యుబేటర్ తలుపు బార్లా తెరిచి ఉంది. ఫోటోలు ముగిశాయి, ఆ రెండో సీసా నలుగురి చేతులూ మారి ఏసీ గాలి కింద బల్ల మీద పడుంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది.

పెద్దమనుషులు వెళ్లేదాకా ఆమె పళ్లు బిగబట్టింది.

“ఎంతసేపైందండీ ఇది బయటికి తీసి?”

“ఎంతమ్మా, టీ తాగినంతసేపు. మళ్లీ లోపల పెట్టేస్తే సరి.”

“సరికాదండీ. దీనికి చలి తగిలింది. ఏవి వేడికి పోయాయో, ఏవి చలికి పోయాయో ఇక తేలదు.”

“నీదంతా చాదస్తం. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుసు కదండీ.”

డైరెక్టరు ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు. తిట్టినా ఇంత మండేది కాదు, ఆ తట్టడంతో అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికెళ్లి గిన్నెలన్నీ దబదబా పడేసింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, అక్కకు ఈ చప్పుళ్లు అలవాటే. విషయం అంతా విని, “కొన్నాళ్లు నోరు కుట్టేసుకో. ఉద్యోగం ఖాయమయ్యాక నీ ఇష్టమొచ్చినట్టు అరుచుకుందువు” అంది.

“తప్పని తెలిసీ ఆ ఫలితానికి నా పేరు పెట్టుకోమంటావా? దాన్ని నమ్మి ఇంకొకడు ఏళ్ల తరబడి తవ్వుకుంటాడక్కా.”

“వాడెవడో నీకేమవుతాడే?”

ఆ మాటకు ఒళ్లు ఇంకా మండింది. ఇంకో గిన్నె దబ్బున పడేసింది.

మర్నాడు ల్యాబుకెళ్లి రెండు సీసాల్లోనూ బ్లీచింగ్ నీళ్లు పోసింది. కణాలు పెరిగే ద్రవం గులాబీ రంగు చూస్తుండగానే వెలిసిపోయింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టింది. డైరెక్టరును తిట్టింది, సూట్లను తిట్టింది, ఇంక్యుబేటర్‌కు తాళం వేసుకోని తన బుద్ధినీ తిట్టింది.

“ఎవరినడిగి పారబోశావు?” అని డైరెక్టరు గుడ్లురిమాడు.

“మీరు ఎవరినడిగి బయటికి తీశారు?”

ఏడాది చివర సంచి సర్దుకుంది. గుమ్మం దగ్గర గోడకు నిలువెత్తు ఫోటో కొత్తగా వేలాడుతోంది. చుట్టూ సూట్లు, మధ్యలో సీసా ఎత్తి పట్టుకుని నవ్వుతున్న డైరెక్టరు.

“ఫోటో బాగా పడిందమ్మా” అన్నాడు వాచ్‌మన్.

“అవును. అక్షరాలు కూడా బాగా పడ్డాయి.”

అతను దగ్గరికెళ్లి, పచ్చ ఇంకు రాతను కూడబలుక్కుని చదివాడు. సీసా పట్టుకున్న చేతిని ఇంకోసారి చూశాడు.

“ఇది ఎవరు రాశారమ్మా?”

“నేనే” అని సంచి భుజానికి తగిలించుకుంది.